తువ్వాలు పరిచిన సీటు

చిత్తూరు బస్టాండులో పలమనేరు బస్సెక్కాను. ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీటు మీద తువ్వాలు పరిచి ఉంది. కిటికీ పక్కన, ఒడిలో బైబిలు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన "మా తమ్ముడొస్తాడప్పా" అన్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఆ తమ్ముడు ఎదురుగా టీకొట్టు దగ్గరే ఉన్నాడు. ఈయన చెయ్యి ఊపాడు. అతను తల తిప్పుకున్నాడు.

బస్సు కదిలాక పెద్దాయన తువ్వాలు తీసి నన్ను కూర్చోమన్నాడు.

"తాగి అమ్మను కొట్టినాడప్పా. ఇంగ ఏ మొగం పెట్టుకోని ఇంటికొచ్చేదని ఈడే ఉండిపోయినాడు. అమ్మ ఎప్పుడో మన్నించేసింది. దేవుడు అంతకుముందే మన్నించినాడు. ప్రతి ఆదివారం ప్రార్థన అయినాక నేనొచ్చి సీటు పట్టి పెడతా."

"దిగి, చెయ్యి పట్టుకుని లాక్కురావచ్చు కదా?"

"దేవుడే ఎవుర్నీ రెక్క పట్టుకోని ఎక్కియ్యడు. నేనెంత?"

నాకోసం సీటు పట్టేవాళ్ళు ఎవరూ లేరని ఎందుకో అప్పుడే తోచింది.

బంగారుపాళ్యంలో దిగి వెనక్కి చూశాను. నేను లేచిన సీట్లో ఆయన తువ్వాలు మళ్ళీ పరుస్తున్నాడు.