తగ్గింపు కార్డు తీసుకున్న ఏడాది, మాత్ర దొరకని వారం

ఆ రోజు రేవుకు వంజరం చేపలు బాగా వచ్చాయి. నరసాపురం దగ్గర చేపల రేవులో వేలం వేసేది నేను. గంప ముందు నిలబడి ధర పిలుస్తుంటే కొనేవాళ్ళు పెంచుకుంటూ పోతారు. సగం గంపలు అయ్యేసరికి నా మాట ముక్కులోంచి రావడం మొదలైంది. నేను ఒక ధర చెబితే వాళ్ళకు ఇంకొకటి వినిపించింది. పొద్దున్నే పుచ్చుకున్నానేమోనని ఒక వ్యాపారి నవ్వాడు. గొంతు తడుపుకుందామని నీళ్ళు తాగితే, ఆ నీళ్ళు ముక్కులోంచి బయటికి వచ్చాయి. అప్పుడు భయమేసింది.

సాయంత్రానికి ఎడమ కన్ను రెప్ప వాలిపోయింది. మర్నాడు పొద్దున లేచేసరికి మాట, రెప్ప రెండూ మామూలే. దాంతో ఎవరికి చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. పాలకొల్లులో గొంతు డాక్టరు గారు మాట తగ్గించమన్నారు. కళ్ళ డాక్టరు గారు కళ్ళజోడు రాశారు. ఒక రాత్రి అన్నం తింటుండగా మా ఆవిడ నూకరత్నం నావంక అదేపనిగా చూసింది. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దవడను చేత్తో పైకి నొక్కుకుంటూ నములుతున్నానట. అలా చేస్తున్నట్టు నాకే తెలియదు. ఆమె పళ్ళెం పక్కన పెట్టి, రేపు రాజమండ్రి వెళ్తున్నాం అంది.

రాజమండ్రిలో న్యూరాలజీ డాక్టరు గారు పైకప్పు వంక రెప్ప వెయ్యకుండా చూడమన్నారు. చూస్తుండగానే ఎడమ రెప్ప దిగిపోయింది. కంటి మీద ఐస్ ప్యాక్ పెట్టించి కాసేపటికి తీస్తే రెప్ప లేచింది. యాంటీబాడీ టెస్ట్, నరాలకు కరెంటు పెట్టి చూసే టెస్ట్, ఛాతీకి సీటీ స్కాన్ చేయించారు. సీటీలో గడ్డేమీ లేదు. మిగతా రెండూ జబ్బును పట్టిచ్చాయి.

"దీన్ని మయస్థీనియా గ్రేవిస్ అంటారండి. నరం చెప్పేది కండకి సరిగా అందట్లేదు. పూర్తిగా పోతుందని చెప్పలేను గానీ కంట్రోల్‌లో ఉంటుంది. ఈ పైరిడోస్టిగ్మిన్ మాత్ర టైముకి పడాలి. ఒక్క పూట కూడా వదలకూడదు," అన్నారు.

మొదటి మాత్ర వేసుకున్న గంటలోపే రెప్ప లేచింది. ఆసుపత్రి ఎదురుగా హోటల్లో ఇడ్లీలు చెయ్యి ఆనించకుండా నమిలి తిన్నాను. నూకరత్నం తినడం మానేసి నన్నే చూస్తూ కూర్చుంది.

ఆ మాత్ర మా ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. మా వీధి చివర మందుల షాపు సుబ్బారావు గారు భీమవరం నుంచి నాకోసం ప్రత్యేకంగా తెప్పించడం మొదలుపెట్టారు. దానితోపాటు స్టెరాయిడ్, అజాథయోప్రిన్, స్టెరాయిడ్ వల్ల పెరిగిన షుగరుకు మాత్రలు, కడుపుకు, ఎముకలకు, బీపీకి. నెల తిరిగేసరికి మందుల సంచి బరువెక్కింది. వేలం పని సగానికి పడిపోయింది.

నూకరత్నం తమ్ముడు శ్రీను భీమవరంలో ఉద్యోగం చేస్తాడు. నేనంటే ప్రాణం. ఫోన్లో మందులు అమ్మే కంపెనీ ఒకటి మెంబర్‌షిప్ కార్డు ఇస్తుందని, ఏడాదికొకసారి డబ్బు కడితే ప్రతి మందు మీదా తగ్గింపు ఉంటుందని చెప్పి, మొదటి ఏడాది తనే కట్టాడు. మొదటి రెండు మూడు నెలలు బాగానే ఉంది. బీపీ, షుగరు, గ్యాస్ మాత్రల మీద తగ్గింపు నిజంగానే వచ్చింది. పైరిడోస్టిగ్మిన్ మీద మాత్రం దాదాపు ఏమీ లేదు. కొన్ని మందులకు ఆ తగ్గింపు వర్తించదని మెంబర్‌షిప్ కట్టాక తెలిసింది. అయినా అన్నీ ఒకేచోట వస్తున్నాయి కదా అని అదీ అక్కడే తెప్పించుకున్నాం. సుబ్బారావు గారి షాపుకు వెళ్ళడం మానేశాం.

ఆ వర్షాకాలంలో పెట్టిన ఆర్డరులో అన్ని మాత్రలూ వచ్చాయి, అదొక్కటి తప్ప. స్టాకు లేదని, రెండు రోజుల్లో వస్తుందని మెసేజ్ పెట్టారు. రెండు రోజుల తరవాత మళ్ళీ అదే మెసేజ్. ఇంట్లో ఉన్నవి సగం సగం విరిచి వేసుకున్నాను. రేపు వచ్చేస్తుందనే అనుకున్నాం ప్రతిరోజూ.

నూకరత్నం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా క్షమించమంది. పేషెంటుతో ఒకసారి మాట్లాడించమంది. నేను మాట్లాడాను. నా మాట నాకే అర్థం కాలేదు.

"సార్, మీ వాయిస్ క్లియర్‌గా లేదండి. మళ్ళీ ఒకసారి చెప్తారా?" అంది ఆ అమ్మాయి.

మాత్ర లేకే గొంతు పోయిందని ఆ గొంతుతోనే ఎలా చెప్పను? వేలంలో రేవంతా వినిపించేలా అరిచినవాణ్ణి, ఫోన్ నూకరత్నానికి ఇచ్చేసి గోడకు చేరగిలబడ్డాను.

సుబ్బారావు గారి దగ్గరికి పరుగెత్తింది ఆమె. ఆయన అరలన్నీ వెతికారు. చివరికి బయటికొచ్చి, "ఊళ్ళో ఆ మాత్ర వాడేది మీ ఆయనొక్కరేనమ్మా. మీరు రావడం మానేశాక నేనూ తేవడం మానేశాను. తెచ్చి పెడితే ఎక్స్‌పైరీ అయిపోద్ది," అన్నారు. ఆయన మాటలో నిష్ఠూరం లేదని, అయినా తను ఆయన ముఖం చూడలేకపోయిందని ఆమె నాకు చెప్పింది.

అప్పటికే నాకు జలుబు, దగ్గు పట్టుకున్నాయి. శ్రీను భీమవరంలో షాపులన్నీ తిరిగి, ఆ వారం అక్కడా స్టాకు లేక, వానలోనే బండి మీద రాజమండ్రి వెళ్ళి ఒక షీటు పట్టుకొచ్చాడు. తడిసి ముద్దై వచ్చి మాత్ర నా చేతిలో పెట్టాడు. నాలుక మీద పెట్టుకున్నాను. మింగుడు పడలేదు. పొడి చేసి నీళ్ళలో కలిపి పోస్తే పొలమారి ఊపిరాడలేదు. అంబులెన్స్ పిలిచారు.

ఆ తరవాత ఐసీయూ, వెంటిలేటర్. నాకు తెలివి పోలేదు, అదే నరకం. అన్నీ వినిపిస్తున్నాయి, కానీ రెప్పలు ఎత్తలేను. నర్సు కళ్ళు తెరవమంటోంది, తెరవలేకపోతుంటే నిద్రపోతున్నాడులే అంటోంది. నాకు ముక్కు దురద పెట్టేది. గోక్కోవడానికి చెయ్యి లేచేది కాదు. నోట్లో గొట్టం, దానితో ఏడుపు కూడా రాదు.

చూడనిచ్చిన కాస్త సమయంలో నూకరత్నం నా పాదం పట్టుకుంది.

"మీరు వింటున్నారని నాకు తెలుసండి. బొటనవేలు కదపండి, చాలు."

కదిపాను. కదిలిందో లేదో నాకు తెలియలేదు. ఆమె చెయ్యి బిగుసుకుంది కాబట్టి కదిలిందనుకున్నాను.

ఐవీఐజీ అనే ఖరీదైన మందు నరంలోకి ఎక్కించారు. దాని ఖర్చు కొంత ఆరోగ్య కార్డు మీద తీరింది, మిగతాదానికి ఒక చేపల బోటులో నాకున్న వాటా అమ్మేశాం. గొట్టం తీశాక డాక్టరు గారిని కాగితం మీద రాసి అడిగాను, మాత్ర ఆగినందుకే ఇలా అయిందా అని.

"ఇన్ఫెక్షన్ వల్ల కూడా అవుతుందండి. మాత్రలు తగ్గడం, ఇన్ఫెక్షన్ రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ఎంత అంటే విడదీసి చెప్పలేను," అన్నారు.

ఆ జవాబుతోనే బతుకుతున్నాను. శ్రీను మాత్రం దాన్ని ఒప్పుకోడు. ఇప్పటికీ మా ఇంటికొస్తే నా కళ్ళలోకి చూడకుండా మాట్లాడతాడు. తప్పు నీది కాదురా అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కలేదు. వాడిని ఆ బాధలోంచి లాగడం నా చేతకాలేదు.

ఇప్పుడు రేవులో వేలం ఇంకొకరు వేస్తున్నారు. నేను పొద్దున పూట తూకాలు చూసుకుని, ఎండెక్కేలోపు ఇంటికొచ్చేస్తాను. మధ్యాహ్నం దాటితే నాతో మాట్లాడాలనుకునేవాళ్ళు నూకరత్నంతో మాట్లాడాల్సిందే. స్టెరాయిడ్ కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. మళ్ళీ ఐసీయూకి వెళ్ళనని ఎవరూ మాటివ్వలేదు.

మెంబర్‌షిప్ వల్ల డబ్బు మిగిలిందా అని తోటి పేషెంట్లు అడుగుతుంటారు. బీపీ, షుగరు మాత్రల మీద కట్టినదానికన్నా కాస్త ఎక్కువే మిగిలింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? తరవాత విచారిస్తే అవే మందులు జనరిక్ షాపులో ఏ కార్డూ లేకుండా ఇంకా తక్కువకు దొరికాయి. అందుకని రెన్యువల్ చెయ్యలేదు. పైరిడోస్టిగ్మిన్ మళ్ళీ సుబ్బారావు గారే తెప్పిస్తున్నారు, పూర్తి ధరకు.

ఇలాంటి కార్డుకు డబ్బు కట్టేముందు మీరు ఒక పని చెయ్యండి. మీరు వాడే మందుల్లో ఏది ఆగితే ప్రాణం మీదికొస్తుందో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఆ ఒక్కదాన్నీ మీ ఊరి షాపులోనే కొనండి, నెలనెలా, తగ్గింపు లేకపోయినా సరే. మీరు కొంటూ ఉంటేనే అది ఆ అరలో ఉంటుంది.