నా తొలి సిమెంటు కట్టు

నేను వైద్యంలో చేసిన మంచి పనులు మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. చేసిన ఘోరం మాత్రం నేనే చెప్పుకోవాలి, ఆనాడు కళ్ళారా చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. గుండె చిక్కబట్టుకుని వినండి. కాళ్ళు ముడుచుకుని కూర్చోండి, నా ముందు మాత్రం చాపకండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

పందొమ్మిదివందల యాభైల్లో సంగతి. వైద్యం చదువు ముగించి, పత్తికొండ వైపు ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి చేరాను. చదివిందంతా నా తలలో భద్రంగా ఉందని నా నమ్మకం. అది ఇంకా చేతుల్లోకి దిగలేదని మా పెద్ద డాక్టరుగారి నమ్మకం. ఆయన ప్రశ్నలు వేసేవారు కాదు. పని చేయించి, చూసి, "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" పడితే ఆ పని నాకు వచ్చినట్టు. సూదిమందుకు పడింది, కురుపు కోతకు పడింది, పురుడు పోయడానికి కూడా పడింది. ఒక్కటే మిగిలింది. విరిగిన ఎముకకు వేసే ప్లాస్టరు కట్టు, జనం మాటల్లో సిమెంటు కట్టు.

"అది నీ అంతట నువ్వే వెయ్యాల. వేసినాక నేను చూస్తా. అంతవరకు నిన్ను కర్నూలుకు పంపేది లేదప్పా," అన్నారు.

కర్నూల్లో నాకు ఉద్యోగం ఖాయమైపోయింది. ఇక్కడ చూస్తే విరిగిన ఎముక ఒక్కటీ దొరకదు. విరగక కాదు. ఆ చుట్టుపక్కల ఎవరి కాలు విరిగినా బండి నేరుగా పక్క ఊళ్ళో ఎముకలు కట్టే తాత ఇంటికి పోయేది. ఆయన కోడిగుడ్డు సొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టేవాడు. ఆ బండ్లు మా ఆసుపత్రి గేటు ముందునుంచే పోతుంటే, పెళ్ళివారి పందిరి బయట నిలబడ్డ ఆకలిగొన్నవాడిలా చూసేవాణ్ణి. జనం చల్లగా ఉండాలని కోరుకోవలసిన డాక్టరు, ఎవరైనా మిద్దె మీంచి జారిపడకూడదా అని మొక్కుకునే దాకా వచ్చాడంటే నా అవస్థ ఊహించండి.

ఒక మధ్యాహ్నం పెద్ద డాక్టరుగారు పని మీద కర్నూలు వెళ్ళారు. సరిగ్గా అప్పుడే గేటు ముందుకు ఒక బండి వచ్చింది. అందులో కంబళి కప్పుకుని మూలుగుతూ హనుమంతప్ప అనే రైతు, పక్కన భార్య నాగమ్మ. నేను పరుగున పోయి ఎద్దులకు అడ్డం నిలబడ్డాను.

"ఏమైందప్పా?"

"ఎద్దు తన్న్యాది సామీ. కాలు ఇరిగినట్టుండాది. తాత దగ్గరికి పోతాండాం."

"తాత ఎందుకు? ఈడ దిగు, నేను కడతా."

"వద్దు సామీ," అంది నాగమ్మ. "వాన పడిండాది, ఇత్తనం ఎయ్యాల. ఈయప్ప లేచి తిరిగితేనే మాకు ఈయేడు కూడు. తాతైతే శానా మందికి బాగు చేసినాడు."

"తాత కట్టు ఊగుతుందమ్మా. నాది రాయి! కాలు వంకర పోకుండా చూసే పూచీ నాది."

ఎన్ని కట్లు వేసినవాడిలా అన్నానో చూడండి. అప్పటికి నేను కట్టింది నా పంచె ఒక్కటే. హనుమంతప్ప నన్ను కిందికీ మీదికీ చూసి, జాలిపడ్డాడో ఏమో, దిగుతానన్నాడు.

ఇక నా ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. ప్లాస్టరు పొడి అద్దిన గుడ్డచుట్టలు ఎన్నాళ్ళనుంచో సిద్ధంగా పెట్టుకున్నాను. మనిషిని లోపలికి తెచ్చేలోపే వాటిని బకెట్టు నీళ్ళలో పడేశాను. ఒకసారి తడిశాక ఆ చుట్టలు ఎవరికోసమూ ఆగవు, చూస్తుండగానే గట్టిపడిపోతాయి. కాబట్టి రోగిని పరీక్ష చేయడం, ఏమిటి ఎక్కడ అని అడగడం లాంటి చిన్న పనులకు తీరిక లేకపోయింది.

బల్ల మీద కూర్చోబెట్టి, "కాలు చాపు!" అన్నాను.

కంబళి కిందనుంచి ఒక కాలు బయటికి వచ్చింది. పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాను. కాస్త ఎత్తానో లేదో, హనుమంతప్ప "అయ్యో, సచ్చిపోతినే!" అని కేక పెట్టాడు.

"చూసినావామ్మా, ఆడనే విరిగింది," అన్నాను గర్వంగా.

"సామీ, అది..."

"మాట్లాడొద్దు తల్లీ, కట్టు ఆరిపోతాది."

"అది గాదు సామీ, ఆ కాలు..."

"ఆ కాలే! కదలకుండా పట్టుకో!"

ఆమె నోరు మూసుకుని పట్టుకుంది. తొడ దాకా చుట్టి, తడిచేత్తో నిమిరి, దూరం జరిగి చూసుకున్నాను. కొత్తగా సున్నం కొట్టిన అరుగులా నున్నగా, తెల్లగా ఉంది. హనుమంతప్పను మంచం మీదికి చేర్పించి, కంబళి కప్పి, కర్నూల్లో అద్దె ఇల్లు ఏ వీధిలో చూసుకోవాలా అని ఆలోచిస్తూ నా గదికి పోయాను.

పొద్దున్నే పెద్ద డాక్టరుగారు వచ్చారు. కట్టును వేలితో తట్టి చూసి, "బాగా వేసినావే," అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఆయన కంబళి పూర్తిగా తీశారు. రెండో కాలు మోకాలి కింద గుమ్మడికాయంత వాచి ఉంది.

ఆయన రెండు కాళ్ళనూ మార్చి మార్చి చూశారు.

"ఎముక కూడా బాగా అతికిందప్పా."

"ఒక్క రాత్రిలోనా సార్?"

"ఈ కాలు విరగనే లేదు కదా."

"హనుమంతప్పా, ఈ కాలు ఎందుకు చాపినావు?" అన్నాను ఏడుపు గొంతుతో.

"సాపమంటివి, సాపితి. ఇరిగిన కాలు సాపేకి వస్తాదా సామీ?"

"మరి కట్టేటప్పుడైనా చెప్పాల గదా?"

"నువ్వు ఈ కాలెత్తితే ఆ ఇరిగిన కాలు కదిలి అరిస్తి, నా పెండ్లాం నోరు తెరిస్తే మూయిస్తివి. చేన్లో పడి మేసే దొంగగొడ్డుకు మేము కాలు కట్టేస్తాం గదా, అట్ల నేను తాత దగ్గరికి పారిపోకుండా మంచికాలు కట్టేసినావనుకుంటి. ఇరిగినదానికి ఈపొద్దు కడతావులే అని పండుకుంటి."

పెద్ద డాక్టరుగారు గోడవైపు తిరిగిపోయారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నాకు నవ్వు రాలేదు. నన్ను నమ్మి ఆ మనిషి రాత్రంతా విరిగిన కాలితో పడుకున్నాడని తలచుకుంటే సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

"మీరే కట్టండి సామీ, ఈ చిన్నాయప్ప వద్దు," అంది నాగమ్మ.

"వీడే కడతాడమ్మా, నేను పక్కన ఉంటా. నీ మొగుని కాలు ఇంక వీడు జన్మలో మర్చిపోడు," అన్నారాయన.

ముందు కట్టు కోయాలి. రాయిలాంటి కట్టు వేశానని గొప్పలు పోయానే, ఆ రాయిని కత్తెరతో కోసేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. తర్వాత రెండోది మొదలుపెట్టాను. ఈసారి నాగమ్మ వాచిన కాలి మీద చెయ్యి వేసి, "ఇది సామీ, ఇది," అని నేను చుట్టినంతసేపూ చెబుతూనే ఉంది.

ఆ యేడు విత్తనం నాగమ్మ తమ్ముడు వచ్చి వేశాడు. శెనక్కాయలు పెరికే నాటికి హనుమంతప్ప తన చేలో తన కాళ్ళ మీద నిలబడ్డాడు. కాలు వంకర పోలేదు. ఆసుపత్రికి నడిచివచ్చి, ఒక గంప కాయలు దించి, నా ముందు కూర్చుని, అడగకుండానే రెండు కాళ్ళూ చాపాడు.

పెద్ద డాక్టరుగారు చూసి, "ఒక కట్టు వెయ్యమంటే రెండు వేసినావు. నడుమ కోసేది కూడా నేర్చుకున్నావు. అంతా ఒక్క మనిషి మీదనే," అని గంపలోంచి ఒక కాయ ఒలుచుకుని, "ఊఁ" అన్నారు.

భూమీ ఆకాశమూ సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఏ రోగినీ "కాలు చాపు" అనను. ముందు ఏదని అడుగుతాను, తర్వాత అతని పెళ్ళాన్ని అడుగుతాను, ఆ తర్వాతే ముట్టుకుంటాను. ఇంతవరకూ ఆ మాట తప్పలేదు. మొన్న జలుబుతో వచ్చిన పెద్దమనిషిని కూడా "ఏ ముక్కురంధ్రమప్పా?" అని అడిగి, ఆయన భార్య చేత కూడా అవుననిపించుకున్నాకే మందు రాశాను.