బోనెట్ ఎత్తితే ఆగిపోయే చప్పుడు

ఎండలో మగ్గిన పాత రెగ్జిన్ సీటు వాసన ఎక్కడ తగిలినా నాకు మా నాన్నగారి నల్లకారే గుర్తొస్తుంది. తొంభైల్లోనే అది ముసలిది. ఎండాకాలం సీట్లు తొడలు చుర్రుమనిపించేవి, వానాకాలం తలుపు సందుల్లోంచి నీళ్లు కారేవి, డిక్కీలో పెట్టిన సున్నుండలు ఊరు చేరేసరికి పెట్రోలు కంపు కొట్టేవి. అయినా నాన్నగారికి మా అందరికంటే అదే ముద్దు.

ఓ భాద్రపదంలో బాబాయి, అంటే నాన్నగారి తమ్ముడు, అత్తవారిని ద్రాక్షారామం తీసుకెళ్లాలని కారు అడిగి పట్టుకెళ్లాడు. తిరిగొచ్చిన మర్నాటి నుంచీ ఇంజన్లో టకటకమని చప్పుడు. బోనెట్ ఎత్తి వినబోతే ఆగిపోయేది, మూసి కాస్త కదిలిస్తే మళ్లీ మొదలు. నాన్నగారు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, మమ్మల్ని గట్టిగా ఊపిరి కూడా తీసుకోనిచ్చేవారు కాదు. మెకానిక్ ఏమీ లేదండి అంటే, బాబాయి ముందే వాడికి చెప్పి ఉంచాడన్నారు. అనుమానం పెనుభూతమంటారే, అది మా సావిట్లో కాపురం పెట్టింది. గోతుల్లో తోలాడని ఓ రోజు, ఆయిల్ చూసుకోలేదని ఇంకో రోజు, బాబాయి మీద నేరాలు పెరిగిపోయాయి.

ఇవేమీ తెలియని బాబాయి ఓ సాయంత్రం వచ్చి, కారు బాగుందా అన్నయ్యా అని మామూలుగానే అడిగాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. పాడుచేసింది నువ్వు, నన్నడుగుతావేంటి?" అన్నారు నాన్నగారు.

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాలేదు. నాన్నగారి తల్లి, మా మామ్మ, అన్నం ముందు కూచుని చెయ్యి కడిగేసుకునేది. నాకైతే నాన్నగారి మీద ఒళ్లు మండిపోయేది. బాబాయి రాని ఇల్లూ ఓ ఇల్లేనా!

దసరా ఆయుధపూజకి నాన్నగారు బోనెట్ లోపలివైపు బొట్టు పెట్టబోతే, మసిపట్టిన నల్లతాడొకటి వేళ్లకి తగిలింది. దాని కొసన రాగి రక్షరేకు. బోనెట్ దించితే ఇంజన్ మీదికి వేలాడి కొట్టుకునేది, ఎత్తితే గాల్లో ఊరుకునేది.

"చిన్నోడు జోరుగా తోలతాడని నేనే కట్టానురా. నువ్వు నవ్వుతావని చెప్పలేదు," అంది మామ్మ.

నాన్నగారు ఆ పూటే వెళ్లి తమ్ముడి చేతులు పట్టుకున్నారు. బాబాయి నవ్వేసి, పండగ భోజనం పెట్టి పంపాడు. హమ్మయ్య, సర్దుకుందనుకున్నాం.

ఆ కారు పాత ఇనుముకి పోయింది. మామ్మ పోయింది. ఇంజన్‌కి చెవి ఒగ్గి వినే రోజులూ పోయాయి, ఇప్పుడన్నీ కంప్యూటరే చెబుతోంది. బాబాయి మాత్రం వస్తాడు, భోంచేస్తాడు, కబుర్లు చెబుతాడు. మొన్న బయల్దేరబోతుంటే వాన పట్టుకుంది. నాన్నగారు గొడుగు అందించబోయారు.

"వద్దులే అన్నయ్యా. మళ్లీ తెచ్చివ్వాలి," అని తడుస్తూనే వెళ్లాడు.