తూటాలకు పెట్టిన బొట్లు

ఆయుధపూజ రోజు ట్రాక్టరుకు, పంపుసెట్టుకు, మోటారుబైకుకు బొట్లు పెట్టి, చివరికి తుపాకీ దగ్గరికి వచ్చాను. మా నాయన నాటి రెండు గొట్టాల తుపాకీని ఇచ్చేసి, లైసెన్సు మార్పించుకుని తెచ్చుకున్న సెమీ ఆటోమేటిక్ అది. మా ఊరు పాతపాళ్య చుట్టుపక్కల అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదని నాకు పొగరు. ఆ పొగరుతోనే గొట్టానికి గంధం పూసి ఊరుకోక, తూటాలన్నీ పళ్లెంలో పరిచి, ఒక్కొక్కదానికీ నూనెలో కలిపిన పసుపు పూసి, పైన కుంకుమ అద్దాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. భక్తి పొంగిపొర్లింది, అంతే.

హారతి వేళకు పక్క చేని చిన్నమ్మ వచ్చింది. వరసకు చిన్నమ్మ. భర్త పోయి ఏడాది కూడా కాలేదు. ఒంటరిగా చేను గుత్తకు తీసుకుని శెనక్కాయ వేసింది. ఇంకో వారానికి పెరకాలి. గుట్ట మీది అడవిపందులు అప్పటికే వాసన పట్టాయి.

"పెరికేదాకా నీ తుపాకీతో రోంత కాపు కాయప్పా. ఈ పంట పోయిందంటే, ఆడమనిషి చేత ఏమవుతాదని మళ్లీ ఎవురూ నాకు చేను ఇయ్యరు."

"నువ్వు నెమ్మదిగా ఉండు చిన్నమ్మా. నా తుపాకీ ఉండాది" అన్నాను మీసం మీద చెయ్యేసుకుని.

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. పందులు దిగాయి. గాలిలోకి కాల్చి బెదరగొడదామని ట్రిగ్గరు నొక్కాను. పలకలేదు. తూటా పూర్తిగా లోపలికి పోలేదు, దాని వెనకాల బోల్టు మూసుకోలేదు. లాగేసి ఇంకోటి వేశాను. అదీ అక్కడే ఆగింది. నేను తుపాకీతో కుస్తీ పడుతుంటే ఆమె కొంగు విసురుతూ, అరుస్తూ పందుల మీదికి పరిగెత్తింది. అవి తీరిగ్గా ఒక మూల అంతా దున్నేసి వెళ్లాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొస్తే మా అమ్మ అందుకుంది. "హారతప్పుడు ఆయమ్మ ఎదురొచ్చె కదా. ఇంకేం పేలుతాది?" ఆ మాట గోడ అవతల చిన్నమ్మ ఇంట్లోకి కూడా వినిపించి ఉంటుంది. నేను అమ్మను గదమాయించాల్సింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తూటాలమ్మిన అంగడివాణ్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం తుపాకీ ఖాళీ చేసి, విప్పి గుడ్డ మీద పరిచాను. తూటాలకు చెమ్మ తగిలిందేమో అనుకున్నాను. ఉబ్బలేదు. పొడవు ఎక్కువేమో చూశాను. సరిగానే ఉంది. స్ప్రింగు బాగానే ఉంది. చివరికి గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట వేలు పెట్టి తిప్పితే, వేలు ఎర్రగా వచ్చింది. నేను పూసిన పసుపూ కుంకుమే, తూటాల అంచున పెచ్చుకట్టి, లోపల జిగురై కూర్చుంది. కిరసనాయిలు గుడ్డతో గొట్టం తుడిచాను, తూటాలన్నీ తుడిచాను. నా తెలివి తగలెయ్య.

గోడ అవతలికి వెళ్లి తప్పు నాదేనని అప్పుడే చెప్పొచ్చు. సిగ్గేసింది. రేపు పేలనీ, పేలాక నవ్వుతూ చెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు ఆమె చేనికి రాలేదు. అలిసిపోయి ఉంటుందనుకున్నాను. పందులు దిగగానే కాల్చాను. తుపాకీ వెంటవెంటనే పలికింది. మంద మొత్తం గుట్టెక్కి పారిపోయింది. సంబరంగా ఆమె ఇంటికి పోతే తలుపు మూసి ఉంది. పిలిస్తే తీసింది. ఆ మొహంలో అంత సంతోషం భర్త పోయాక నేను చూడలేదు.

"పేలింది కదప్పా! నేను ఎదురుగా లేకుంటే పేలుతాదని నాకు తెలుసు. అందుకే వాకిలేసుకొని కూర్చున్యా."

గబగబా ఇంటికి పోయాను. కుంకుమ అంటిన గుడ్డ తెచ్చి చూపించాను. అంతా నా పూజ వల్లేనని, పొరపాటు నాదేనని చెప్పాను. ఆమె గుడ్డ చూసి నవ్వింది.

"పసుపుకుంకుమతో యాడన్నా చెడు జరుగుతాదా అప్పా? నా మనసు నొచ్చుకోకూడదని చెప్తాండావు. నీది మంచి మనసు."

ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. శెనక్కాయ పెరికే రోజు కూడా, నేను తుపాకీని ఇంట్లో పెట్టి వచ్చానని తెలుసుకున్నాకే తన చేనిలో అడుగు పెట్టింది.