విశాఖలో ఎవరికీ అక్కర్లేని వేడిగాలి

కన్నబాబు ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు సీతమ్మధారలో ఉండేది. ఉప్పుగాలికి చిలుమెక్కిన వైర్లు, డైనమోలు తప్ప హీటర్ల ముఖం చూసే పని అతనికి ఉండేది కాదు. హీటరున్న కారు ఒక్కటే వచ్చేది. కాఫీ తోటల పని మీద తరచూ అరకు ఘాటురోడ్డు ఎక్కే రమణమూర్తి గారి పాత ఫియట్టు.

ఎనభై రెండు డిసెంబరులో ఆ ఘాటును మంచు కమ్మేసింది. అద్దానికి లోపల ఆవిరి పట్టింది. వేడిగాలి కొట్టాల్సిన ఫ్యాను తిరగలేదు. ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తుడుస్తూ నడిపిన రమణమూర్తి, మలుపులో కల్వర్టు గోడను గుద్దాడు. పక్కన కూర్చున్న భార్యకు మోచెయ్యి విరిగింది.

కారును షెడ్డుకు లాక్కొచ్చారు.

"మొన్ననే కదయ్యా నీ దగ్గర సర్వీసు చేయించాను. హీటరు చూశావా, లేదా?"

"సూసినానండి. బాగానే తిరిగినాది."

కన్నబాబు వెతకడం మొదలుపెట్టాడు. ఫ్యూజు బాగుంది. టెస్ట్ ల్యాంపు పెడితే మోటారు దాకా కరెంటు వస్తోంది. ఎర్తు వైరు గీకి బిగించినా లాభం లేకపోయింది. బ్యాటరీ నుంచి నేరుగా వైరిస్తే మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంది. దాన్ని ఊడదీసి వెలుతురులో చూశాడు. అది తను సర్వీసులో చూసిన మోటారు కాదు. లోపలి బుష్షులు పట్టేశాయని అంతకుముందు ఇదే కారులోంచి తనే తీసి తుక్కులో పడేసిన పాత మోటారుకి ఎవరో రంగేసి బిగించారు.

సర్వీసయ్యాక ఆ కారును ఇంటికి అప్పగించి వచ్చింది అప్పలసూరి. తన భార్య నూకాలు తమ్ముడు. కన్నబాబు ఇంట్లోనే పెరిగి, అతని దగ్గరే పని నేర్చి, ఈమధ్యే పెందుర్తిలో సొంత షెడ్డు పెట్టుకున్నా, అప్పుడప్పుడూ ఇక్కడ సాయానికి వచ్చేవాడు.

కన్నబాబు బస్సెక్కి వెళ్లాడు. సూరి షెడ్డు గోడకు ఫియట్టు అసలు మోటారు రేకు రెక్కలతో తిరుగుతూ, కూర్చున్నవాళ్లకు గాలి విసురుతోంది.

"రమణమూర్తిగారి ఆవిడ సెయ్యి ఇరిగిపోనాది సూరీ."

సూరి తల దించుకున్నాడు. "ఈ ఊర్లో హీటరెవులు ఏసుకుంటారు బావా? ఎవులికీ తెల్దనుకున్నాను." అంతలోనే గొంతు పెంచాడు. "ఇన్నేళ్లు నీకాడ సేసినాను. షెడ్డు పెట్టుకుంటంటే ఒక్క పాత మోటారైనా ఇచ్చినావా?"

"అడిగినావా?"

కన్నబాబు మోటారు విప్పుకుని వచ్చేశాడు. బ్రష్షులు మార్చి ఫియట్టుకు బిగించాడు. గాలి అద్దం నిండా కొట్టింది. రమణమూర్తికి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"పట్టుబడ్డాక బావమరిది మీద పెడుతున్నావా?" అన్నాడాయన. మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. తెలిసినవాళ్లనూ తొక్కనివ్వలేదు.

ఇంట్లో నూకాలు అన్నం కంచం ముందుకు తోసి, "నోర్మూసుకుని బాగుసేసి ఇచ్చేత్తే ఏటయ్యేది? నా తమ్ముణ్ని దొంగని సేసినావు," అంది.

ఏడాది తిరిగేసరికి కన్నబాబు షెడ్డు ఖాళీ చేసి, ఫిషింగ్ హార్బర్లో మరపడవల ఇంజన్ల దగ్గర కూలికి కుదిరాడు. పెందుర్తి షెడ్డు మాత్రం పక్క స్థలంలోకి కూడా పెరిగింది. సూరి కూతురి బారసాలకు నూకాలు ఒక్కతే వెళ్లింది. కన్నబాబును రమ్మని ఆమె పిలవలేదు.