ముందొచ్చిన రెండో ముక్క

రెండు వేల దశకం మధ్యలో నేను నోయిడాలో ఫైర్‌వాల్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్కుకు కాపలాదారు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఒక పట్టికలో గుర్తుపెట్టుకుని, ఆ సంభాషణలకు చెందిన ప్యాకెట్లనే, అంటే సమాచారపు మూటలనే, లోపలికి వదులుతుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. పనిచేసినప్పుడు నిజంగానే గొప్పది.

మా ఫైర్‌వాల్ పెట్టె ఒకటి ఢిల్లీలోని ఓ ఆసుపత్రిలో ఉండేది. ఫరీదాబాద్ బ్రాంచిలో తీసిన స్కాన్లు దాన్ని దాటి అక్కడి పెద్ద డాక్టరుకు చేరాలి. కొన్ని చేరేవి, కొన్ని చేరేవి కావు. కంప్లైంటు రాగానే మావాళ్లు చేసే మొదటి పని పింగ్ కొట్టడం, అంటే ఒక చిన్న ప్యాకెట్ పంపి జవాబొస్తుందేమో చూడడం. జవాబొస్తే, "మా వైపు అంతా ఠీక్ హై" అని ఫోన్ పెట్టేయడం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పెప్పుడూ అవతలివాళ్లదే. ఆసుపత్రి గట్టిగా అరిచాక నన్ను ఫరీదాబాద్ తోలారు.

స్కాన్ గదిలో పనిచేసే ఆమెది గోదావరి వైపు. కాంట్రాక్టు ఉద్యోగం. నేను తెలుగువాణ్ణని తెలియగానే గోడు వెళ్లబోసుకుంది.

"పంపకుండానే పంపానని అబద్ధాలాడతన్నానంట తమ్ముడూ. నెలాఖరుకి తీసేత్తారంట."

పక్క గదిలోంచి ఇన్‌ఛార్జి, "భేజ్ దియా, భేజ్ దియా బోల్తీ హై, పహుంచ్‌తా కుఛ్ నహీ," అన్నాడు. పంపేశా పంపేశా అంటుందట, చేరేదేమీ ఉండదట.

నా కళ్లముందే ఒక స్కాన్ పంపింది. ఢిల్లీ చేరలేదు. అదే మళ్లీ పంపితే చేరింది. కారణం వెతికితే మా పెట్టెలోనే దొరికింది.

పెద్ద ప్యాకెట్ దారిలో పట్టక ముక్కలవుతుంది. అది ఏ సంభాషణకు చెందిందో చెప్పే పోర్టు నంబరు మొదటి ముక్కలోనే ఉంటుంది. మా ఫైర్‌వాల్ ఆ మొదటి ముక్కను పట్టికతో సరిచూసి, వెనకొచ్చేవాటిని దాని పేరుమీద వదిలేది. రెండో ముక్క ముందొస్తే మాత్రం, ముక్కూమొహం తెలియదని పారేసేది. మా ల్యాబులో అలా ఎన్నడూ జరగలేదు. అక్కడ మేం పరీక్షించేది ఒకే కేబుల్ మీద కదా! ఫరీదాబాద్‌లో లైను తరచూ పడిపోతుందని రెండు లైన్లు పెట్టుకుని, ప్యాకెట్లను ఒకటి ఇటు, ఒకటి అటు పంపేవాళ్లు. ఏ ముక్క ముందొస్తుందో దేవుడికే ఎరుక.

కోడు మార్చాం. ముక్కలన్నీ వచ్చేదాకా ఆపి, కలిపి, ఆ తర్వాతే పట్టికలో వెతకాలి. ఎవరైనా కావాలని సగం ముక్కలే పంపి మెమరీ నింపేయొచ్చు కాబట్టి, గడువు దాటితే పారేయాలి. స్కాన్లన్నీ చేరడం మొదలైంది.

తప్పు మాదేనని ఆసుపత్రికి రాయమని మా బాసును అడిగాను. "పాగల్ హై క్యా?" అన్నాడు. 'పనితీరు మెరుగుపరిచాం' అని రాసి పంపారు. మా వృత్తిలో తప్పులు చేసేవాళ్లుండరు. పనితీరు మెరుగుపరిచేవాళ్లే ఉంటారు.

నేనే వెళ్లి ఇన్‌ఛార్జికి నోటితో చెప్పాను. ఆయన టీ తాగుతూ అంతా విన్నాడు.

"ఛోడియే. డాంట్ పడీ, తబ్ సే ఠీక్ భేజ్ రహీ హై. రఖ్ లియా ఉస్‌కో."

తిట్లు పడ్డాక దారికొచ్చిందట, అందుకని ఉంచుకున్నాడట. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ మొదటినుంచీ చెప్పబోతే ఫోన్ అందుకున్నాడు.

వరండాలో ఆమె ఎదురుచూస్తోంది.

"నా తప్పు కాదని సెప్పావా?"

"చెప్పిన అక్కా."

"ఏవన్నారు?"

ఉన్నదున్నట్టు చెప్పాను.

"అయితే నువ్వు బాగుసేసింది నన్నేనన్నమాట," అంది.