చల్లారిన చేపల పులుసు

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, రూవిలోని మా అమ్మాయి ఇంట్లో, మావారి సంవత్సరీకానికి గోడకు పెట్టడానికి ఆయన నవ్వుతున్న ఫోటో ఒక్కటి కావాలని వెతికితే, ఉన్నవన్నీ వీసా కాగితాలకు తీయించినవే, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉన్నారు అన్నింటిలోనూ. ఆయన నవ్వు దొరికితే ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి బ్లాగులోనే దొరకాలని మనవరాలి చేత వెతికించాను. అలాంటి పేజీయే లేదని వచ్చింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆ రోజుల్లో ఆ అమ్మాయీ నేనూ ఇక్కడే ఒక చిన్న క్లినిక్‌లో నర్సులం. రెండు గదుల ఇంట్లో ఒకటి మాది, ఒకటి ఆమెది. మావారు దూరాన ఇబ్రిలో కట్టడాల సైట్ మీద పనిచేస్తూ, శుక్రవారం సెలవుకు వచ్చేవారు. వారమంతా కంపెనీ మెస్ కూడు తిన్న మనిషికి నేను చేపల పులుసు పెడితే, కెమెరా పట్టుకుని ఆమె ప్రత్యక్షమయ్యేది. గిన్నె ఇటు తిప్పాలి, కొత్తిమీర అటు జరపాలి, ఈలోగా పులుసు చల్లారిపోవాలి. ఆయన చాచిన చెయ్యి గాల్లోనే ఆపుకుని పకపకా నవ్వేవారు. నేను పళ్ళు నూరుకునేదాన్ని.

ఆమె ఒక్కతే అయితే సరిపోయేది, స్నేహితురాళ్ళూ బ్లాగర్లే! బ్యూటీ పార్లర్‌లో పనిచేసే ఆవిడ రూవిలోని ప్రతి కేకు గురించీ రాసేది. ఇంకొకావిడ తెగిపోయిన ప్రేమ గురించి కళ్ళు తుడుచుకుంటూ రాసి, రాయడం కాగానే లేచి పాటలందుకునేది. ఒకే మంచం మీద కూర్చుని ఒకరి రాతల కింద ఒకరు మెచ్చుకోళ్ళు రాసుకునేవాళ్ళు. పక్కనున్న మనిషితో చెప్పడానికి నోరు లేదా అని నా బాధ! వాళ్ళ గోల భరించానే గాని, ఆ బ్లాగు ఒక్కనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు.

మావారు మాత్రం ఒకసారి, "ముఖాలు పెట్టకమ్మా, కంపెనీవాళ్ళు చూస్తే లేనిపోని గొడవ" అన్నారు. చెప్పిన మాట వినే రకమా, పెట్టే ఉంటుందని నా ధీమా.

పాత క్లినిక్ వాళ్ళను పట్టుకుని ఆమె నంబరు సంపాదించాను. ఇప్పుడు సొంత ఊళ్ళోనే ఉంటోంది. "అక్కా, అదంతా మా పాప కోసం రాశాను. అమ్మ ఏం తింటోందో, ఎవరితో నవ్వుతోందో రోజూ చూసుకునేది. పెద్దదై నా పక్కనే ఉందిగా, ఇంకెవరికని మూసేశాను" అంది. పాలు మాన్పించిన పిల్లను తన తల్లి దగ్గర వదిలి వచ్చిందని నాకు తెలుసు. ఆ వంకర టింకర ఫోటోలన్నీ ఆ పిల్లకని మాత్రం తెలియదు.

దాచుకున్నవన్నీ పంపింది. ఒక్కదానిలోనూ మావారి ముఖం లేదు, ఆయన ఉన్నవన్నీ మెడ దగ్గరికి కత్తిరించి ఉన్నాయి. జన్మలో ఎవరి మాటా వినని మనిషి, విన్నదేమో ఆ ఒక్క మాట! తల బాదుకున్నాను. బాదుకుంటూనే ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంట్లోనూ అన్నం ముందు ఫోన్లు లేస్తాయి. ఎవరి ముఖం వాళ్ళు తీసుకుంటారు, దూరాన ఎదురుచూసే పిల్ల ఎవరికీ ఉన్నట్టు లేదు. గోడకు మాత్రం ఆమె పంపినవాటిలో ఒక పులుసు ఫోటోనే పెట్టించాను. వచ్చినవాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ. గిన్నె పక్కన ఆయన చెయ్యి ఉంది, సైట్ మీద తెగిన బొటనవేలి మచ్చతో సహా. కెమెరా పట్టుకున్న ఆ అమ్మాయి ఆగమందని, ఇంకా తినకుండా ఆగే ఉన్నారు.